పోలింగ్‌కు ముందే ముగిసే ఎన్నిక

(వి.ఎస్. రమాదేవి స్మరణలో ఉపన్యాస పాఠం – ఇడుపులపాయ)

దేశ ప్రధాన ఎన్నికల కమిషనర్ కుర్చీలో ఒక తెలుగు మహిళ పట్టుమని పదహారు రోజులు కూర్చున్నారు, 1990 నవంబరు 26 నుంచి డిసెంబరు 11 దాకా. పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టిన వి.ఎస్. రమాదేవి ఆ పదవి చేపట్టిన తొలి మహిళ. ఆమెకు ముందు అక్కడున్న పేరిశాస్త్రీ తెలుగువారే. తర్వాత వచ్చిన టి.ఎన్. శేషన్ హోరులో ఈ ఇద్దరి పేర్లూ మరుగున పడ్డాయి. రాజ్యసభ సెక్రటరీ జనరల్‌గా, హిమాచల్ ప్రదేశ్‌కూ కర్ణాటకకూ గవర్నర్‌గా పనిచేసి 2013లో కన్నుమూసిన రమాదేవిని ఇప్పుడు ఎక్కువగా తలుచుకునేది పోటీ పరీక్షల పుస్తకాలే. ఎన్నికల కేసులు వాదించే న్యాయవాదులు మాత్రం ఎస్.కె. మెందిరత్తతో కలిసి ఆమె రాసిన ‘హౌ ఇండియా ఓట్స్’ను ఇప్పటికీ తిరగేస్తారు. ఎన్నికల చట్టం ఎంత ముందు మొదలవుతుందో ఆ పుస్తకం పరిమాణం చూస్తేనే తెలుస్తుంది. జాబితాలో పేరు ఎక్కడం, రిజర్వేషన్ ఖరారు కావడం, నామినేషన్ కాగితం చేతులు మారడం, పరిశీలన, ఉపసంహరణ. పోలింగ్ రోజు వీటన్నిటి తర్వాతి సంగతి.

ఆమె స్మృతిలో రాష్ట్ర ఎన్నికల చట్టాల గురించి మాట్లాడుకోవడానికి ఇడుపులపాయ కంటే తగిన చోటు దొరకడం కష్టం. వేంపల్లె మండలంలోని ఈ ఊరు రాష్ట్ర రాజకీయాల్లో నానుతున్న పేరు. వైఎస్ రాజశేఖరరెడ్డి సమాధి ఇక్కడే ఉంది. 2017 నవంబరు 6న జగన్‌మోహన్‌రెడ్డి పాదయాత్ర మొదలుపెట్టిందీ ఇక్కడినుంచే. 2019 మార్చిలోనూ, 2024 మార్చిలోనూ వైఎస్సార్ కాంగ్రెస్ 175 అసెంబ్లీ స్థానాలకు అభ్యర్థుల జాబితాను ఈ సమాధి దగ్గరే చదివారు. ఇచ్ఛాపురం అభ్యర్థి ఎవరో ఇడుపులపాయలో తేలింది. ఇడుపులపాయ చుట్టుపక్కల ఊళ్లకు సర్పంచ్ ఎవరు, జెడ్పీటీసీ ఎవరు అన్నది తేల్చేది మాత్రం మరో చట్టం, మరో కమిషన్. ఈ రెంటి మధ్య తేడా ఎంతో పులివెందుల ఓటరుకు తెలిసినంతగా దేశంలో మరెవరికీ తెలియకపోవచ్చు.

రెండు కమిషన్లు

అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఎన్నికలు జరిపేది ఢిల్లీలోని ఎన్నికల సంఘం. రాజ్యాంగం 324వ అధికరణం దానికి ఆధారం. పంచాయతీ, మండలం, జిల్లా పరిషత్, మున్సిపాలిటీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం పని. 73, 74వ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాక 243కె, 243జెడ్ఏ అధికరణాలతో అది పుట్టింది. మాటల్లో చూస్తే రెండు కమిషన్లకూ అధికారం ఒకటే: పర్యవేక్షణ, ఆదేశం, నియంత్రణ. తేడా ఆ తర్వాతి వాక్యాల్లో ఉంది. రాష్ట్ర కమిషనర్ పదవీకాలం, సర్వీసు షరతులు రాష్ట్ర శాసనసభ చేసే చట్టానికి లోబడి ఉంటాయి. రిజర్వేషన్లు, ఎన్నిక జరిగే తీరు, అనర్హతలు అన్నీ 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, దాని కింద ప్రభుత్వం జారీచేసే నియమావళి ప్రకారమే. ఎన్నికలో గెలవాల్సిన పార్టీయే ఎన్నిక నియమాలు రాస్తుందన్నమాట.

తేడా ఆచరణలో ఎలా ఉంటుందో కడప జిల్లానే చూపింది. 2019 మార్చి చివర్లో, పోలింగ్‌కు రెండు వారాల ముందు, కేంద్ర ఎన్నికల సంఘం రాష్ట్ర ఇంటెలిజెన్స్ అధిపతితో పాటు కడప, శ్రీకాకుళం ఎస్పీలను తప్పించింది. ఇంటెలిజెన్స్ అధిపతి కమిషన్ పరిధిలోకి రారంటూ అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం జీవో ఇచ్చి హైకోర్టుకు వెళ్లింది, ఓడింది. కడప ఎస్పీ మారడానికి పట్టింది ఒక్క ఉత్తర్వు. రెండేళ్లు తిరక్కుండానే, 2021 జనవరి 23న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పంచాయతీ ఎన్నికలకు నోటిఫికేషన్ ఇస్తే, ఏర్పాట్లు చేయాల్సిన యంత్రాంగం కదల్లేదు. సుప్రీంకోర్టు జనవరి 25న ప్రభుత్వ పిటిషన్ కొట్టేసేదాకా పనులు మొదలు కాలేదు. తొలి విడత ఫిబ్రవరి 5 నుంచి 9కి మారింది.

కమిషనర్ కుర్చీ కిందికి చేయి

రాష్ట్ర చట్టానికి ఎంత బలం ఉందో 2020 ఏప్రిల్ 10న అందరికీ అర్థమైంది. అంతకు ముందు నెల 15న, కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేస్తున్నట్టు కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ ప్రకటించారు. అప్పటికి నామినేషన్ల ఘట్టం ముగిసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మార్చి 18న కోర్టు వాయిదాను సమర్థించి, ఎన్నికల కోడ్‌ను మాత్రం ఎత్తేయమంది. మూడు వారాలు గడిచాయి. పంచాయతీరాజ్ చట్టం 200వ సెక్షన్‌ను సవరిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. కమిషనర్ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. ఐఏఎస్ అధికారి స్థానంలో హైకోర్టు రిటైర్డ్ జడ్జి ఉండాలన్నారు. రమేశ్ కుమార్ 2016లో నియమితులయ్యారు కాబట్టి మూడేళ్లు ఎప్పుడో దాటాయి. పేరు ఎత్తకుండానే మనిషిని దించేసిన సవరణ అది. మర్నాడే మద్రాసు హైకోర్టు రిటైర్డ్ జడ్జి జస్టిస్ వి. కనగరాజ్ బాధ్యతలు తీసుకున్నారు.

రాష్ట్ర కమిషనర్‌ను తొలగించాలంటే హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతే పాటించాలనీ, నియామకం తర్వాత ఆయనకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదనీ 243కె చెబుతోంది. మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌నూ, దాని వెంట వచ్చిన జీవోలనూ కొట్టేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. అయినా రమేశ్ కుమార్ తిరిగి కుర్చీలో కూర్చునేసరికి జులై నెలాఖరైంది.

రిటైర్డ్ జడ్జిని కమిషనర్‌గా పెట్టాలన్న ఆలోచన తప్పేమీ కాదు. కేరళలోనో కర్ణాటకలోనో ప్రశాంత సమయంలో ఎవరైనా ప్రతిపాదిస్తే నలుగురూ మెచ్చుకునేవారే. ఇక్కడ అభ్యంతరం దాని వేళ గురించి. చట్టం ఎవరిమీద కోపంతో పుట్టిందో అందరికీ తెలిసిపోతే, అందులో ఎంత మంచి మాట ఉన్నా నిలబడదు.

గోవాలో ఇంకో రకం జరిగింది. అక్కడ న్యాయశాఖ కార్యదర్శికే రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా అదనపు బాధ్యత అప్పగించారు. పొద్దున ప్రభుత్వ ఫైలు, మధ్యాహ్నం ఎన్నికల ఫైలు. 2021 మార్చి 12న సుప్రీంకోర్టు దీన్ని తీవ్రంగా తప్పుబట్టి, ప్రభుత్వంలో పదవి ఉన్న ఏ వ్యక్తీ ఈ కమిషనర్ కుర్చీలో ఉండరాదని అన్ని రాష్ట్రాలకూ వర్తించేలా చెప్పింది.

సముద్రం అవతల మన వాళ్లు ఓటేసే చోటా ఇదే కథ కనపడుతుంది. అట్లాంటా ఉత్తరాన ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పౌరసత్వం తీసుకున్నవాళ్లు జార్జియా రాష్ట్ర చట్టం కిందే ఓటేయాలి. అమెరికాలో దేశమంతటికీ ఎన్నికలు నడిపే ఒకే సంఘం లేదు. ఏ రాష్ట్రం నియమాలు దానివే. 2020 అధ్యక్ష ఎన్నికలో బైడెన్ ఆ రాష్ట్రం గెలిచాక, తనకు 11,780 ఓట్లు వెతికిపెట్టమని ట్రంప్ ఫోన్ చేస్తే, సొంత పార్టీవాడే అయిన రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ ఒప్పుకోలేదు. 2021 మార్చిలో జార్జియా చట్టసభ ఎస్.బి. 202 అనే చట్టం చేసింది. పోస్టల్ ఓటుకు గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేయడం, క్యూలో నిలబడ్డవారికి ఇతరులు మంచినీళ్లు ఇవ్వడంపై ఆంక్షలు పెట్టడం వార్తల్లోకెక్కాయి. అంతగా చర్చకు రాని మరో నిబంధన రాష్ట్ర ఎన్నికల బోర్డు అధ్యక్ష స్థానం నుంచి రాష్ట్ర కార్యదర్శిని తప్పించింది. అమరావతి ఆర్డినెన్స్‌కూ అట్లాంటా చట్టానికీ మధ్య ఏడాది దూరం కూడా లేదు.

తేదీ ఎవరి చేతిలో?

ఐదేళ్ల గడువు తీరేలోపే ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243ఇ చెప్పింది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని నొక్కి చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచుల గడువు 2018 ఆగస్టు మొదట్లో ముగిసింది. ఎన్నిక జరిగింది 2021 ఫిబ్రవరిలో. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. మొదటి పది నెలల జాప్యం తెలుగుదేశం ప్రభుత్వానిది, మిగతాది వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వానిది. తెలంగాణలో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరితే పోలింగ్ 2025 డిసెంబరులో జరిగింది. అక్కడ ప్రభుత్వం కాంగ్రెస్‌ది. ఈ విషయంలో పార్టీల మధ్య విభేదాలు లేవు.

వాయిదాకు చట్టబద్ధంగా దొరికే తాళం రిజర్వేషన్. 2019 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థల్లో 59.85 శాతం రిజర్వేషన్లకు జీవో ఇచ్చింది. మొత్తం 50 శాతం దాటరాదని సుప్రీంకోర్టు 2010లోనే కె. కృష్ణమూర్తి కేసులో చెప్పి ఉంది. 2020 మార్చి 2న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. బీసీల వాటా 34 నుంచి 24 శాతానికి పడిపోయింది. 2025లో తెలంగాణ 42 శాతం బీసీ కోటాతో జీవో 9 తెచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దాన్నీ ఆపేసింది. బీసీలకు ఎక్కువ సీట్లు ఇవ్వాలన్న కోరిక న్యాయమైనదే. 50 శాతం పరిమితి సంగతి ముందే తేల్చుకోకుండా ఎన్నికల ముంగిట జీవో ఇస్తే, లాభపడేది ఎన్నిక జరగకూడదని కోరుకునేవారే.

ఓటర్ల జాబితా సంగతీ అంతే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే చేరిన పిల్లలు ఆరేళ్ల కోర్సు చదువుతారు. ఓటు హక్కు వయసు వాళ్లకు హాస్టల్ గదిలోనే వస్తుంది. పంచాయతీ జాబితాకు మూలం అసెంబ్లీ జాబితాయే. 2021 ఫిబ్రవరిలో, కొత్త జాబితా సిద్ధం కాలేదన్న కారణంగా 2019 జనవరి 1 నాటి జాబితాతోనే పంచాయతీ ఎన్నికలు జరిపారు. 2019 జనవరి 2న పద్దెనిమిది నిండిన కుర్రాడు, ఇరవై దాటినా తన ఊరి సర్పంచ్‌కు ఓటేయలేకపోయాడు. రాష్ట్రమంతటా అలా నష్టపోయినవారు 3 లక్షలకు పైనే అని అప్పట్లో లెక్క చెప్పారు. ఇప్పుడు అసెంబ్లీ జాబితాకు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి కాబట్టి, పంచాయతీ జాబితాను నోటిఫికేషన్ ముందటి తేదీకి తాజా చేయకపోవడానికి సాకు మిగల్లేదు.

నామినేషన్ గది

అసలు విషయం ఇక్కడుంది. ప్రభుత్వ కార్యాలయంలో ఒక గది. బల్ల వెనక రిటర్నింగ్ అధికారి, పక్కన సహాయకుడు, గోడమీద గడువు తెలిపే కాగితం. జెడ్పీటీసీకి పోటీ చేయాలంటే 5,000 రూపాయల డిపాజిట్, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం. ప్రతిపాదించే ఓటరు, కుల ధ్రువీకరణ పత్రం, ఆస్తుల ప్రకటన, పన్ను బాకీ లేదన్న కాగితం కావాలి. వాటిలో కొన్నిటిమీద సంతకం పెట్టాల్సింది ప్రభుత్వ ఉద్యోగి. ఆయన సెలవులో ఉంటే? ప్రతిపాదించిన వాడు మర్నాడు వచ్చి ఆ సంతకం నాది కాదంటే? గేటు దగ్గర నలుగురు నిలబడి ఫైలు లాక్కుంటే? ఈ మూడు ప్రశ్నలకూ ఎన్నికల నియమావళిలో సూటైన జవాబు దొరకదు. పోటీలో ఒక్కరే మిగిలితే ఏం చేయాలో మాత్రం స్పష్టంగా ఉంది: గెలిచినట్టు ప్రకటించి ఫారం 10 చేతికివ్వాలి.

2020 మార్చిలో ఎంపీటీసీ, జెడ్పీటీసీ నామినేషన్ల ఘట్టం ముగిసేసరికి రాష్ట్రంలో నోటిఫై చేసిన 9,696 ఎంపీటీసీల్లో 2,371, 652 జెడ్పీటీసీల్లో 126 ఏకగ్రీవమయ్యాయి. ఆ 126లో 38 ఒక్క కడప జిల్లావే. జిల్లాలో ఉన్నవే 50. పులివెందుల జెడ్పీటీసీ కూడా ఆ కోవలోదే. ఏడాది తర్వాత మున్సిపల్ ఎన్నికల్లో పులివెందులలో 33 వార్డులకు 33 ఏకగ్రీవమయ్యాయి. పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్లలోనూ అన్ని వార్డులూ పోటీ లేకుండా పోయాయి. అన్నీ అధికార పార్టీకే.

ఏకగ్రీవమంటే పీడనే అని తేల్చేయడం సరికాదు. ఐదొందల గడపలున్న ఊళ్లో పెద్దలు కూర్చుని ఒకరిని అనుకోవడం పాత అలవాటు. ముఠా కక్షలతో నెత్తురు చూసిన జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ‘ఈసారి పోటీ వద్దు’ అన్న మాట ఒక్కోసారి ప్రాణాలు కాపాడింది కూడా. గుజరాత్ 2001లో సమరస్ పేరుతో ఏకగ్రీవ పంచాయతీలకు నజరానా ప్రకటించింది ఈ ఆలోచనతోనే. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో జీవో ఇచ్చింది. రెండు వేల లోపు జనాభా ఉంటే 5 లక్షల రూపాయలు, ఐదు వేల లోపు 10 లక్షలు, పది వేల లోపు 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. 2021 జనవరిలో ఎన్నికల నడిమధ్య దీనిమీద పత్రికల్లో పెద్ద ప్రకటనలు వచ్చాయి, కమిషనర్ అభ్యంతరం చెప్పారు. పేద పంచాయతీలో నామినేషన్ వేయాలనుకున్న మనిషికి ఈ డబ్బు ఎలా కనబడుతుందో ఆలోచించాలి. ఊరికి రావలసిన రోడ్డు తన వల్ల పోయిందన్న నింద అతడి నెత్తిన పడుతుంది. బెదిరింపు అక్కర్లేదు, ఆ నింద చాలు.

నామినేషన్ వేయనివ్వలేదన్న ఫిర్యాదులు రాగా, 2021లో రమేశ్ కుమార్ ఒక ప్రయత్నం చేశారు. తిరుపతి, పుంగనూరు, రాయచోటిలతో పాటు జమ్మలమడుగు నియోజకవర్గంలోని యర్రగుంట్లలో మొత్తం 14 వార్డులకు బాధితులు మళ్లీ నామినేషన్ వేసుకోవచ్చన్నారు. మార్చి మొదటి వారంలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే నెలలో మరో తీర్పు వచ్చింది. ఫారం 10 ఇచ్చేశాక ఏకగ్రీవాలమీద విచారణ జరిపే అధికారం కమిషన్‌కు లేదు, బాధితుడు ఎన్నికల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. చట్టం అలాగే ఉంది కాబట్టి కోర్టు అలాగే చెప్పింది. ట్రిబ్యునల్ అంటే కింది కోర్టు. సాక్ష్యం చెప్పాల్సింది ఆ ఊళ్లోనే బతకాల్సిన మనుషులు. ఐదేళ్ల పదవికి తీర్పు ఏ సంవత్సరంలో వస్తుందో పిటిషనర్‌కే తెలియాలి.

ఈ తీర్పుల పక్కన మహారాష్ట్ర అనుభవం పెట్టి చూడాలి. 2021 జనవరిలో నాసిక్ జిల్లా ఉమ్రాణే, నందుర్‌బార్ జిల్లా ఖోండామళి గ్రామాల్లో సర్పంచ్ పదవిని వేలం వేసిన వీడియోలు బయటికి వచ్చాయి. అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ రెండు పంచాయతీల ఎన్నికనే రద్దుచేసింది. అంటే అలాంటి చర్య ఊహకందనిదేమీ కాదు.

పోలింగ్ బూత్‌లో పరిస్థితి వేరు. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఈవీఎంను నేలకేసి కొట్టడం వెబ్ కెమెరాకు చిక్కింది. వారం దాటాక ఆ దృశ్యం బయటికొస్తే దేశమంతా చూసింది, కేసు పెట్టక తప్పలేదు. బూత్ ఆక్రమణను చట్టంలో నేరంగా నిర్వచించిన 1989 నుంచి నేటి వరకు సంస్కరణలన్నీ ఆ గది చుట్టూనే తిరిగాయి. కెమెరా, సిరా, ఏజెంటు, పరిశీలకుడు, రీపోలింగ్, అన్నీ అక్కడే. నామినేషన్ గదికి వీటిలో ఒక్కటీ నమ్మకంగా చేరలేదు. కాపలా లేని వైపు నుంచే ఎవరైనా వస్తారు.

పులివెందుల ఓట్ల లెక్క

2024 మే ఎన్నికల్లో పులివెందుల అసెంబ్లీ స్థానంలో జగన్‌మోహన్‌రెడ్డి 61,687 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పదిహేను నెలలు తిరిగేసరికి, జెడ్పీటీసీ సభ్యుడు రోడ్డు ప్రమాదంలో మరణించడంతో ఖాళీ అయిన పులివెందుల స్థానానికి 2025 ఆగస్టు 12న ఉప ఎన్నిక జరిగింది. తెలుగుదేశం అభ్యర్థి మారెడ్డి లతారెడ్డికి 6,716 ఓట్లు. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి హేమంత్ రెడ్డికి 683. డిపాజిట్ దక్కలేదు.

ఈ అంకెలను రెండు పార్టీలూ రెండు రకాలుగా చదివాయి. భయం తొలగి జనం స్వేచ్ఛగా ఓటేశారని తెలుగుదేశం చెప్పింది. లెక్కింపులో ఒక పెట్టెలోంచి, ముప్ఫై ఏళ్ల తర్వాత ఓటేస్తున్నానంటూ దండం పెట్టి రాసిన కాగితం ముక్క దొరికిందన్న వార్త రాష్ట్రమంతా తిరిగింది. వైఎస్సార్ కాంగ్రెస్ చెప్పింది దీనికి పూర్తిగా భిన్నం. ఒక ఊరి ఓటర్లను పక్క ఊరి కేంద్రానికి మార్చారని, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన మనుషులు క్యూల్లో నిలబడ్డారని, తమ ఏజెంట్లను కూర్చోనివ్వలేదని ఆరోపించింది. పోలింగ్ రోజు తెల్లవారుజామున ఎంపీ అవినాశ్ రెడ్డిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. రాష్ట్ర ఎన్నికల సంఘం రెండు కేంద్రాల్లో మర్నాడు రీపోలింగ్ జరిపింది, ఆ పార్టీ దాన్ని బహిష్కరించింది. హైకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు.

ఎవరి మాట నిజమో ఈ వేదిక తేల్చలేదు. రెండు పార్టీలూ కలిసి ఒప్పుకున్న విషయం మాత్రం ఒకటుంది, వాళ్లకు తెలియకుండానే. పులివెందులలో స్థానిక ఎన్నిక స్వేచ్ఛగా జరగదని 2021లో ఒకరు, 2025లో మరొకరు అన్నారు. అన్నవారు మారారు, అధికారం మారింది, మాట మారలేదు. చట్టమూ మారలేదు. అసెంబ్లీ ఎన్నికకు బయటి రాష్ట్రాల నుంచి పరిశీలకులు, కేంద్ర బలగాలు వస్తాయి. జెడ్పీటీసీ ఎన్నికకు రాష్ట్ర పోలీసే దిక్కు. ఆ పోలీసు అధికారికి ఎన్నిక అయిన వారానికి పోస్టింగ్ ఇచ్చేది గెలిచిన పార్టీ ప్రభుత్వం.

అదే ఏడాది మార్చిలో ప్రొద్దుటూరు మండలం గోపవరంలో ఉప సర్పంచ్ పదవికి ఎన్నిక గొడవల మధ్య వాయిదా పడింది. ఓటేయాల్సింది గుప్పెడు మంది వార్డు సభ్యులు. సర్పంచ్, వార్డు పదవులకు పార్టీ గుర్తులుండవు. చట్టం దృష్టిలో ఆ సభ్యులకు పార్టీలే లేవు. అందుకే వాళ్లు ఏ బస్సెక్కినా, ఏ క్యాంపులో తేలినా అడిగే నియమం లేదు. పార్టీల్లేవని రాసుకున్న చోటే పార్టీలు అంతగా కొట్టుకోవడం గోపవరంలో అందరూ చూశారు.

సవరించాల్సింది ఎక్కడ?

రాష్ట్రం తలుచుకుంటే చట్టం మారడం కష్టం కాదు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 చట్టంలో ఉండేది. మూడు దశాబ్దాలపాటు ఎంతోమంది దానికి భయపడ్డారు, కొందరు పుట్టిన బిడ్డను కాగితాల్లో దాచారు. 2024 నవంబరులో శాసనసభ దాన్ని ఎత్తేసింది. పెద్ద చర్చ లేకుండానే అది జరిగిపోయింది. 2020లో డబ్బు, మద్యం పంచినట్టు తేలితే గెలిచినా అనర్హులే అన్న నిబంధన తెచ్చారు. దాన్నెవరూ అడ్డుకోలేదు.

అలాంటప్పుడు మొదట ముట్టుకోవాల్సింది ఏకగ్రీవాన్ని. పంచాయతీ బ్యాలెట్‌లో ఇప్పటికే నోటా ఉంది. ఒకే అభ్యర్థి మిగిలినా పోలింగ్ జరపాలి, ఆ ఒక్కరికీ నోటాకూ మధ్య. ఊరు నిజంగా ఒక్క మాటమీద ఉంటే గంటలో తేలిపోతుంది. లేకపోతే రహస్య ఓటులో ఆ సంగతి బయటపడుతుంది. హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘం 2018లోనే మున్సిపల్ ఎన్నికల్లో నోటాను కల్పిత అభ్యర్థిగా లెక్కగట్టి, నోటాకే ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక జరపాలని ఉత్తర్వు ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానం పోలింగ్ లేకుండానే తేలిపోయాక, ప్రజాప్రాతినిధ్య చట్టం 53(2) సెక్షన్‌మీద సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. ఏకైక అభ్యర్థికీ కనీస ఓట్లు ఉండాలన్న ఆలోచనను పరిశీలించమని 2025లో కోర్టు కేంద్రానికి సూచించింది. ఢిల్లీ తేల్చేదాకా వెలగపూడిలోని శాసనసభ ఆగనక్కర్లేదు. పంచాయతీల నియమావళి పూర్తిగా రాష్ట్రం చేతిలోనిది.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం వస్తుంది. 2021లో పంచాయతీల్లో ఏకగ్రీవమైన సర్పంచ్ పదవులు 2,197. మొత్తం పదమూడు వేల పైచిలుకు పంచాయతీల్లో ఆరింట ఒకటి. ఒక్కో ఏకగ్రీవానికి 5 నుంచి 20 లక్షలు ఇవ్వగలనన్న ప్రభుత్వానికి అక్కడ బ్యాలెట్ పెట్టె పెట్టడం భారం కాదు. నజరానా ఇవ్వాలనే అనుకుంటే, ఊరంతా ఓటేసి ఒప్పుకున్నాక ఇవ్వొచ్చు.

రెండోది నామినేషన్ గది. జిల్లాలో ఏ మండల కార్యాలయంలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా నామినేషన్ వేసే వీలుండాలి. ఉపసంహరణ అభ్యర్థి స్వయంగా, కెమెరా ముందు చేయాలి. ఫిర్యాదు వచ్చినచోట ఫారం 10ని కొన్ని రోజులు ఆపి విచారించే అధికారం కమిషన్‌కు రాతపూర్వకంగా ఉండాలి. 2021 మార్చి నాటి రెండో తీర్పులో కోర్టు లేదన్న అధికారం అదే. ట్రిబ్యునల్ ఆరు నెలల్లో తేల్చాలన్న గడువు కూడా కావాలి.

మూడోది కమిషనర్ ఎంపిక. ఇప్పుడు మంత్రివర్గం సూచన, గవర్నర్ సంతకం. కేంద్ర కమిషనర్ల ఎంపికకు 2023 మార్చిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తితో కూడిన కమిటీని సూచిస్తే, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు ఆయన స్థానంలో ఒక కేంద్ర మంత్రిని పెట్టింది. రాష్ట్రం అంతకంటే మెరుగ్గా చేయొచ్చు: ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఎన్నికల కాలంలో బదిలీ అయిన అధికారిని కమిషన్ అనుమతి లేకుండా ఏడాదిపాటు కదపకూడదన్న చిన్న వాక్యం కూడా చేరిస్తే, 2021 జనవరిలో కదలని యంత్రాంగం మరోసారి అలా కూర్చోదు.

ఈ మూడింటిలో ఏదీ అధికారంలో ఉన్న పార్టీకి ఇష్టం కాదు. 2021లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు అవసరం అనిపించలేదు, ఇప్పుడు తెలుగుదేశం కూటమికీ అనిపించడం లేదు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు స్థానాలు 2024లో మూడు వేర్వేరు పార్టీలకు వెళ్లాయి: వైఎస్సార్ కాంగ్రెస్, బీజేపీ, తెలుగుదేశం. ఈ ముగ్గురు ఎమ్మెల్యేల అనుచరులు ఎప్పుడో ఒకప్పుడు మండల కార్యాలయం గేటు దగ్గర నామినేషన్ కాగితం పట్టుకుని నిలబడినవాళ్లే, ఒక్కోసారి గేటు ఇటు, ఒక్కోసారి అటు. సవరణ బిల్లు సభలో పెట్టమని తమ ఎమ్మెల్యేను అడగగలిగిన ఓటరు ఈ మూడు నియోజకవర్గాల్లోనూ ఉన్నాడు. వచ్చే పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడేలోపు ఆ పని జరగాలి. నోటిఫికేషన్ వచ్చాక ఆలస్యమే: ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప సవాలు చేయరాదని 243ఓ చెబుతోంది.